కమర్షియల్ బిల్డింగ్‌లో కండ్యూట్ సపోర్టు: ఎంత దూరానికి ఒకటి, దేనికి వేలాడదీయాలి?

కొత్త_సైటు:

అందరికీ నమస్కారం. ఒక ఆఫీసు బిల్డింగ్‌లో ఎలక్ట్రికల్ పని చూస్తున్నాను. మా కంటే ముందే ఏసీ డక్టుల వాళ్ళు దిగిపోయారు. ఇప్పుడు కారిడార్ ఫాల్స్ సీలింగ్ పైన, వాళ్ళు వదిలిన సందుల్లోంచి మా కండ్యూట్ (వైర్లు పోయే పైపు) పోవాలి. అంతా పల్చటి స్టీలు పైపే, ఈఎంటీ. ఎక్కువగా 25 ఎంఎం. ప్యానెల్ రూము నుంచి బయటికొచ్చే చోట 50 ఎంఎంవి ఐదు పక్కపక్కనే వెళ్తాయి.

వైరింగ్ టీము వాళ్ళు దొరికినచోటల్లా పైపుని డక్టు హ్యాంగర్లకీ, సీలింగ్ ఫ్రేము వైర్లకీ బైండింగ్ వైరుతో కట్టేశారు. అడిగితే "మూడు మీటర్లకి ఒక కట్టు ఉంది కదా సార్, కోడ్ ప్రకారమే" అంటున్నారు. తీరా వైరు లాగుతుంటే ఒక బెండు పక్కన కప్లర్ ఊడిపోయింది. పైపు అంచు గీసుకుని వైరు మీద ఇన్సులేషన్ లేచింది, రాగి కనిపిస్తోంది. కన్సల్టెంట్ మొత్తం లైను తిరస్కరించారు. తిరస్కరించడం సబబే, కానీ ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు.

మూడు మీటర్ల మాట నిజమేనా? అసలు దేనికి వేలాడదీయాలి? ఒకచోట పెద్ద డక్టు అడ్డం వచ్చి నాలుగు మీటర్ల మేర స్లాబు చేతికే అందదు, అక్కడ ఏం చేస్తారు?

పైపు_మేస్త్రి:

తమ్ముడూ, ముందు ఆ ఊడిన కప్లర్ దగ్గరే మొదలుపెడదాం. మిగతావన్నీ అక్కడి నుంచే వస్తాయి.

25 ఎంఎం ఈఎంటీ మీటరుకి సుమారు కిలో ఉంటుంది. బిగించిన రోజున బైండింగ్ వైరుకి కట్టినా కదలకుండా నిలబడుతుంది. అందుకే అందరికీ అది చాలనిపిస్తుంది. అసలు పరీక్ష వైరు లాగే రోజున. లాగుడు బలం పైపు పొడవునా సమంగా పడదు, వెళ్ళి బెండు మీద కూర్చుంటుంది. 90 డిగ్రీల బెండులోంచి 50 కిలోల బలంతో లాగుతున్నారనుకో. రాపిడి పక్కన పెడితే, ఆ బెండుని మూల లోపలివైపుకి గుంజే బలం సుమారు 70 కిలోలు. బెండుకి అటూ ఇటూ గట్టి క్లాంపు లేకపోతే బెండు కదులుతుంది. అది కదిలితే పక్క కప్లర్‌లోంచి పైపు కొస వెనక్కి వచ్చేస్తుంది. సెట్ స్క్రూ కప్లర్ రెండు పైపుల్ని కలపడానికి ఉన్నది. అంత లాగుడుని ఆపే పని దానిది కాదు, క్లాంపుది.

ఇంకో నష్టం కంటికి కనపడదు. ఈఎంటీనే ఎర్తు దారిగా వాడుకునే పద్ధతి ఉంది, అమెరికా వైరింగ్ కోడ్ ఎన్‌ఈసీ 250.118 దాన్ని ఒప్పుకుంటుంది. మీ డిజైనూ అలాంటిదే అయితే కప్లర్ ఊడిన చోట ఎర్తు తెగిపోయినట్టే. విడిగా ఎర్తు వైరు లాగి ఉంటే కొంత నయం. ఆ లైనులో మిగతా కప్లర్లు కూడా ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని తిప్పి చూడు. ఒకటి ఊడిందంటే పక్కవి సగం వదులై ఉంటాయి. ఇన్సులేషన్ లేచిన వైరుకి టేపు చుట్టి మళ్ళీ పైపులోకి తోయనివ్వకు. ఆ ముక్క మొత్తం తీసేయించు.

ఇక మూడు మీటర్ల సంగతి. ఎన్‌ఈసీ 358.30లో ఆ మాట ఉంది, కాదనను. మీవాళ్ళు సగం వాక్యం చదివారు. ఈఎంటీకి 3 మీటర్లకి మించకుండా ఒక సపోర్టు ఉండాలి, దాంతోపాటు ప్రతి బాక్సు దగ్గరా, ప్యానెల్ దగ్గరా, పైపు ముగిసే ప్రతి చోటా 900 ఎంఎం లోపల ఇంకొకటి బిగించాలి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) స్పెసిఫికేషన్‌లో అంకెలు ఇంకా దగ్గర. పైకి కనిపించేలా వేసే స్టీలు కండ్యూట్‌కి మీటరుకి మించకుండా సాడిల్ (పైపుని పట్టే క్లాంపు), కప్లర్‌కీ బెండుకీ బాక్సుకీ అటూ ఇటూ 30 సెంటీమీటర్లకి ఒకటి. అంకెలు వేరైనా రెండూ ఒకే మాట చెబుతున్నాయి: పైపు మధ్యలో బరువు మోయడం ఒక పని, కొసల దగ్గరా మలుపుల దగ్గరా కదలకుండా పట్టడం ఇంకో పని. మీ కాంట్రాక్టు కాగితాల్లో ఏ కోడ్ రాసి ఉంటే ఆ అంకె పాటించాలి. నేను మాత్రం ఏ కోడ్ సైటులోనైనా బెండుకి అటూ ఇటూ 300 ఎంఎం దగ్గర క్లాంపు లేకుండా వైరు లాగనివ్వను.

దేనికి వేలాడదీయాలంటే స్లాబు, బీము, కాలమ్, గోడ, స్టీలు బిల్డింగ్ అయితే దాని గర్డరు. అంతే. డక్టుకి వద్దు, డక్టు రాడ్డుకి వద్దు, నీళ్ళ పైపుకి వద్దు, పక్కనున్న ఇంకో కండ్యూట్‌కి కూడా వద్దు. స్ప్రింక్లర్ పైపు జోలికి అసలే పోకు. దాని హ్యాంగర్లు ఆ పైపుకీ అందులోని నీళ్ళకీ లెక్క కట్టినవి, వేరేవాళ్ళ సామాను మోయించకూడదని స్ప్రింక్లర్ల ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13లోనే ఉంది. సీలింగ్ ఫ్రేము వైర్లకి కట్టడాన్ని ఎన్‌ఈసీ 300.11 ఒప్పుకోదు. వైరే వాడాలనుకుంటే మన కోసం విడిగా వేసుకోవాలి, రెండు కొసలూ గట్టిగా కట్టి ఉండాలి, అవి సీలింగ్ వైర్లు కావని రంగుతోనో ట్యాగుతోనో తెలిసేలా ఉంచాలి. దీని వెనక కారణం సైటులో తిరిగే ఎవరికైనా అర్థమవుతుంది. సీలింగ్ వాళ్ళు లెవెల్ సరిచేసుకునేటప్పుడు వైరు విప్పుతారు, కత్తిరిస్తారు, మళ్ళీ కడతారు. అది వాళ్ళ వైరు, వాళ్ళిష్టం. మన పైపు దాన్ని పట్టుకుని ఉందని వాళ్ళకి తెలియదు.

డక్టు అడ్డం వచ్చినచోట ఏం చేయాలో రాత్రికి రాస్తాను, ఇప్పుడు సైటుకి వెళ్ళాలి.

లోడ్_షెడ్యూల్:

పైపు_మేస్త్రి గారు చెప్పినదానికి నా వంతుగా ఆ ఐదు 50 ఎంఎం పైపుల లెక్క వేసి పెడుతున్నాను. ఇలాంటిచోట చాలామంది కంటి కొలతతో రాడ్డు ఎంచుకుంటారు. లెక్క వేస్తే అసలు బలహీనత ఎక్కడుందో బయటపడుతుంది.

రాగి మీటరు పొడవుకి చదరపు మిల్లీమీటరుకి సుమారు 9 గ్రాములు. ఒక్కో పైపులో 50 చదరపు మిల్లీమీటర్ల సింగిల్ కోర్ వైర్లు నాలుగు వెళ్తున్నాయనుకుందాం. రాగే 1.8 కిలోలు, ఇన్సులేషన్ కలిపితే రెండు దాటుతుంది. 50 ఎంఎం ఈఎంటీ మీటరుకి సుమారు 2.2 కిలోలు. అంటే ఒక పైపు మీటరుకి 4.3 కిలోలు, ఐదు కలిపి 21 చిల్లర. మూడు మీటర్లకి ఒక ట్రపీజ్ (రెండు రాడ్లకి అడ్డంగా వేలాడే ఇనుప చానెల్) వేస్తే ఒక్కోదాని మీద దాదాపు 65 కిలోలు పడుతుంది, దానికి చానెల్ బరువు అదనం. పైపులు చానెల్ మధ్యలో ఉంటే రెండు రాడ్లూ చెరి సగం మోస్తాయి. అన్నీ ఒక పక్కకి జరిగి ఉంటే ఆ పక్క రాడ్డే దాదాపు అంతా మోస్తుంది.

ఈ బరువుకి 10 ఎంఎం థ్రెడ్ రాడ్డు చలించదు. తెగేది రాడ్డు కాదు, పైన స్లాబులోంచి ఊడొచ్చేది, రాడ్డుని అక్కడ పట్టి ఉంచే యాంకర్. కాబట్టి యాంకర్ కంపెనీ ఇచ్చే పట్టికలో, పగుళ్ళున్న కాంక్రీటుకి ఇచ్చిన అంకె తీసుకోండి. స్లాబు అడుగు భాగం వంపుకి లోనయ్యేది, అక్కడ సన్నటి పగుళ్ళు రావచ్చు. పైపుల బరువుకి తోడు ఒక మనిషి బరువు కూడా కలపండి. సీలింగ్ పైన పని చేసేవాడు ఆసరా కోసం ట్రపీజ్ పట్టుకుంటాడు, దాని మీద కాలు పెట్టేవాళ్ళనీ చూశాను. నేనైతే మీ ఐదు పైపులకి రెండు మీటర్లకి ఒకటి వేస్తాను. అప్పుడు ఒక్కోదాని మీద 45 లోపే పడుతుంది, చానెల్ కూడా వంగదు.

చానెల్ పొడవు మాత్రం ఐదుకి సరిపడా కాకుండా ఏడు పైపులకి సరిపడేలా తీసుకోండి. రేపు ఇంకో ఫీడర్ వస్తుంది. చోటు లేకపోతే వచ్చినవాడు మీ పైపులకే కట్టేస్తాడు.

కొత్త_సైటు:

ఇద్దరికీ చాలా థాంక్స్. మేస్త్రి గారూ, కప్లర్లు తిప్పి చూశాను. ఆ బెండుకి అటు రెండు, ఇటు ఒకటి చేతికే తిరిగాయి. ఆ లైను మొత్తం విప్పిస్తున్నాను.

యాంకర్ గురించి ఒక మాట అడగాలి. మావాళ్ళు ప్లాస్టిక్ గిట్టక పెట్టి స్క్రూ బిగిస్తున్నారు, పైన స్లాబుకి కూడా అదే. మరి టెర్రస్ మీద ఏసీ యూనిట్లకి వెళ్ళేది పీవీసీ పైపు, దానికీ ఈ అంకెలేనా?

పైపు_మేస్త్రి:

గిట్టక గోడకి సరే, అదీ చిన్న పైపు సాడిల్‌కి. స్లాబుకి కింద నుంచి వేలాడేదానికి వద్దు. గోడ మీద బరువు గిట్టకకి అడ్డంగా పడుతుంది. స్లాబు కింద అదే బరువు దాన్ని సూటిగా బయటికి లాగుతుంది, పగలూ రాత్రీ ఆపకుండా. ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతుంది, వేడి తగిలితే మెత్తబడుతుంది. పైన ఇనుప యాంకరే పెట్టించు.

ఆ యాంకర్‌ని కూడా సరిగ్గా కూర్చోబెట్టించాలి. డ్రాప్ ఇన్ యాంకర్ వేసేటప్పుడు నిచ్చెనెక్కి పక్కన నిలబడి ఒక్కసారి చూడు. కన్నం లోతు యాంకర్ పొడవుకి సరిపోవాలి. డ్రిల్లు తీశాక లోపల పొడి పేరుకుంటుంది, దాన్ని బ్రష్షుతో గీకి, పంపుతో ఊదాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొడి మీద కూర్చున్న యాంకర్ కాంక్రీటుని పట్టదు, పొడినే పట్టుకుని ఉంటుంది. తర్వాత యాంకర్ అంచు స్లాబుతో సమంగా వచ్చేదాకా తోసి, లోపల సెట్టింగ్ టూల్ పెట్టి కొట్టాలి. ఆ టూలుకి ఒక భుజం ఉంటుంది. అది యాంకర్ అంచుని తాకేదాకా కొడితేనే లోపలి చీలిక పూర్తిగా విచ్చుకున్నట్టు. టూల్ పోయిందని మేకుతోనో రాడ్డు ముక్కతోనో కొడితే సగమే విచ్చుకుంటుంది. రాడ్డు ఎక్కుతుంది, చేత్తో లాగితే రాదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. వైర్లు నిండాక ఒకరోజు జారుతుంది. నేను ప్రతి అంతస్తులో కొన్ని యాంకర్లు ఎంచి, నా ఎదురుగా పుల్ టెస్టర్‌తో లాగిస్తాను. మొదటి వరసలో చేస్తే చాలు, టీము తర్వాత తనంతట తానే జాగ్రత్త పడుతుంది.

డ్రిల్లు పెట్టేముందు స్లాబు ఎలాంటిదో సివిల్ వాళ్ళని అడుగు. పోస్ట్ టెన్షన్డ్ స్లాబు అయితే లోపల బిగించి లాగిన కేబుల్ ఉంటుంది. దానికి డ్రిల్లు తగిలితే స్లాబు బలమూ పోతుంది, డ్రిల్లు పట్టుకున్నవాడి ప్రాణానికీ ముప్పే. స్కానింగ్ చేయించి గీతలు గీసి ఇచ్చేదాకా ఒక్క కన్నం కూడా వేయనివ్వకు. ఈ ఒక్క విషయంలో ఎంత తొందర పెట్టినా ఆగు.

నీ డక్టు అడ్డానికి దారి ఉంది. డక్టుకి అటో రాడ్డు ఇటో రాడ్డు స్లాబు నుంచి దింపి, డక్టు కింద నుంచి చానెల్ వేసి, దాని మీద పైపు పోనీ. చానెల్ డక్టుని తాకకూడదు, వేలు దూరేంత సందు ఉండాలి. డక్టు అదురుతుంది, తాకితే ఆ అదురు మన పైపుకి వచ్చి స్క్రూలు వదులవుతాయి. డక్టు మరీ వెడల్పుగా ఉండి చానెల్ మధ్యలో కుంగుతుందనిపిస్తే పెద్ద సైజు చానెలో, వెన్నుకి వెన్ను కలిపిన జోడు చానెలో తీసుకో. కారిడార్ గోడ గట్టిదైతే గోడకి బ్రాకెట్లు కొట్టి డక్టు పక్కనుంచి పోవడం ఇంకా తేలిక. ఏది చేసినా రాడ్డుకి చానెల్ పైన ఒక నట్టు, కింద ఒక నట్టు, వాషర్లతో బిగించాలి. కింద ఒక్కటే ఉంటే వైరు లాగేటప్పుడు చానెల్ పైకి ఎగిరి మళ్ళీ పడుతుంది.

పీవీసీకి ఈ అంకెలు పనికిరావు. ఎన్‌ఈసీ 352.30లో 25 ఎంఎం దాకా 900 ఎంఎంకే ఒక సపోర్టు, 32 నుంచి 50 వరకు మీటరున్నర. పీవీసీ తన బరువుకే కుంగుతుంది, ఎండకి మరీను. అయినా టెర్రస్ మీద కుంగడం కంటే పెద్ద తలనొప్పి సాగడం. 30 మీటర్ల పొడవు పైపు 40 డిగ్రీల తేడాకి దాదాపు 73 ఎంఎం సాగుతుంది. అదే పొడవు స్టీలు పైపు 14 ఎంఎం మాత్రమే. స్టీలుకి బిగించినట్టు పీవీసీని ప్రతి క్లాంపు దగ్గరా నొక్కి బిగిస్తే సాగడానికి చోటు లేక వడదెబ్బ తిన్న పాములా మెలికలు తిరుగుతుంది, కొసన బాక్సు పగులుతుంది. కాబట్టి మధ్య క్లాంపులు పైపు జారేలా వదులుగా ఉండాలి, మధ్యలో ఎక్స్‌పాన్షన్ కప్లర్ పెట్టాలి, దానికి ఒక పక్కన మాత్రం గట్టిగా పట్టాలి. ఎక్స్‌పాన్షన్ కప్లర్‌ని పెట్టే రోజు ఎండని బట్టి ఎంత తెరిచి ఉంచాలో దాని కాగితంలోనే ఉంటుంది, చదివి పెట్టించు.

పైపుని టెర్రస్ నేల మీద ఆనించొద్దు. దిమ్మలు పెట్టి పైకి లేపు. ఎండ తగిలే టెర్రస్ మీద పైపు అడుగుకీ నేలకీ మధ్య 19 ఎంఎం కంటే తక్కువ సందు ఉంటే వైరు కెపాసిటీ లెక్కలో వాతావరణ వేడికి ఇంకో 33 డిగ్రీలు కలపాలని ఎన్‌ఈసీ చెబుతుంది. అంటే కొద్దిపాటి ఎత్తు దొరికితే వైరు సైజు పెంచే అవసరమే తప్పిపోవచ్చు.

అలారం_ప్యానెల్:

నాది ఫైర్ అలారం పని. ప్లాస్టిక్ గిట్టక మాట వచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2005లో ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో హారో కోర్ట్ అనే ఎత్తైన భవనంలో మంటలు రేగాయి. కారిడార్‌లో కేబుళ్ళు ప్లాస్టిక్ ట్రంకింగ్‌లో (కేబుళ్ళు పోయే మూత ఉన్న కాలువ లాంటిది) ఉన్నాయి. వేడికి ప్లాస్టిక్ కరిగిపోయి కేబుళ్ళు కిందికి వేలాడాయి. ఆ ఘటనలో చనిపోయిన ఇద్దరు అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ఆ కేబుళ్ళలో చిక్కుకున్నారు. 2010లో సౌతాంప్టన్‌లోని షర్లీ టవర్స్‌లోనూ ఇద్దరు సిబ్బంది పోయారు, అక్కడా తెగి పడిన కేబుళ్ళు అడ్డమయ్యాయి. పొగలో కళ్ళు కనపడవు, వీపు మీద గాలి సిలిండర్ ఉంటుంది. కేబుల్ ఒక చుట్టు దానికి తగులుకుంటే ముందుకీ పోలేరు, వెనక్కీ రాలేరు.

ఆ తర్వాతే బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671లో మార్పు తెచ్చారు. 2015 సవరణలో తప్పించుకునే దారులకి, 2018లో వచ్చిన 18వ ఎడిషన్‌తో భవనం మొత్తానికీ వర్తించేలా ఒక నియమం ఉంది: మంటల్లో వైరింగ్ తొందరగా కూలిపోకుండా సపోర్టు ఉండాలి. అంటే ప్లాస్టిక్ క్లిప్పో ప్లాస్టిక్ టైయో మాత్రమే వైరుని పట్టుకుని ఉండకూడదు, లోహపు సపోర్టు ఉండాలి. మీ దేశంలో ఏ కోడ్ నడిచినా సరే, మెట్లు, కారిడార్, బయటికెళ్ళే దారి పైన ఇది పాటించమని బతిమాలుకుంటున్నాను. క్లాంపు ఇనుపదైతే చాలదు, దాన్ని పట్టుకున్న గిట్టక కూడా ఇనుపదై ఉండాలి. చాలాచోట్ల క్లాంపు చూసి ఊరుకుంటారు, కన్నం లోపల ఏముందో ఎవరూ అడగరు.

కొత్త_సైటు:

అలారం_ప్యానెల్ గారూ, ఇది నాకు బొత్తిగా తెలియదు. కారిడార్ లైనుకి అన్నీ ఇనుప యాంకర్లే అని ఈరోజే రాసిచ్చాను.

ఇంకొక్కటి. జంక్షన్ బాక్సుకి విడిగా సపోర్టు కావాలా? రెండు వైపులా పైపు గట్టిగా పట్టి ఉంటే బాక్సు దానంతటదే నిలబడుతుంది కదా అని టీము లీడర్ అంటున్నాడు. లైట్లకి దిగే ఫ్లెక్సిబుల్ పైపు సంగతి కూడా చెప్పండి.

పైపు_మేస్త్రి:

ఈఎంటీ అయితే బాక్సుకి విడిగా కావాలి. మీ లీడర్ చెప్పింది మరలు కోసిన దళసరి పైపు చూసి అయ్యుంటుంది. అక్కడ పైపు మరలతో బాక్సులోకి ఎక్కుతుంది. స్విచ్చూ లైటూ లేని చిన్న బాక్సుని, రెండు వేర్వేరు పక్కల నుంచి వచ్చే పైపులు 900 ఎంఎం లోపల క్లాంపు పడి ఉంటే, ఆ పైపులే మోయొచ్చని ఎన్‌ఈసీ 314.23 ఒప్పుకుంటుంది. ఈఎంటీ కనెక్టర్‌లో అలా మరల పట్టు లేదు. ఒక లాక్ నట్టు, ఒక స్క్రూ, అంతే. బాక్సు మూత తీసి లోపల వైర్లు కలిపేవాడు దాన్ని అటూ ఇటూ గుంజుతాడు. ఆ గుంజుడంతా కనెక్టర్ మీద పడుతుంది. బాక్సు వీపుకి ఒక రాడ్డు దింపి స్లాబుకి పట్టించు, లేదా చానెల్ మీద కూర్చోబెట్టు.

ఫ్లెక్సిబుల్‌కి ఎన్‌ఈసీ లెక్క 1.4 మీటర్లకి ఒకటి, బాక్సు నుంచి 300 ఎంఎం లోపల ఒకటి. విప్పగలిగే ఫాల్స్ సీలింగ్‌లో చివరి సపోర్టు నుంచి లైటు దాకా 1.8 మీటర్ల లోపు ముక్కకి మాత్రం మినహాయింపు ఉంది. అలాగని సీలింగ్ పలక మీద పడుకోబెట్టకండి. పలక ఎత్తినప్పుడల్లా ఆ పైపు జారి కనెక్టర్ మీద వేలాడుతుంది. 1.8 మీటర్లు అవసరం లేనిచోట చిన్న ముక్కే కోయించు.

ఇంకో పని చేయి. కొత్త లైను బిగించాక, వైరు లాగకముందే, బెండుల దగ్గర పైపుని రెండు చేతులతో పట్టుకుని నీ బలమంతా పెట్టి మూల లోపలివైపుకి గుంజి చూడు. కప్లర్ దగ్గర మార్కర్‌తో పైపు మీద ఒక గీత గీసి ఉంచు. గీత కప్లర్ అంచు నుంచి జరిగిందంటే అక్కడ క్లాంపు ఇంకా దగ్గరికి రావాలి. సీలింగ్ మూయకముందే ఫోటోలు తీసి కన్సల్టెంట్‌కి పంపు, యాంకర్ల ఫోటోలతో సహా.